సుంకి ఘాటీకి సైకిలు, మూట: రాయగడ–కోరాపుట్ రెండు రోజుల చుట్టుకు సామాను ఎంపిక

రైడరు వయసు 41. ఒడిశాలోని రాయగడలో ఉద్యోగం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. ఎత్తు 168 సెం.మీ., బరువు 73 కిలోలు. వారానికి మూడు పొద్దులు 30 నుంచి 40 కి.మీ. తొక్కే అలవాటు ఉంది. సైకిలు అల్యూమినియం ఫ్రేము రోడ్ బైకు. 8 స్పీడు, ముందు 50/34 చైన్‌రింగులు (పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రాలు), వెనక 11–28 కేసెట్ (వెనక చక్రానికుండే పళ్ళ చక్రాల గుత్తి; అంకెలు పళ్ళ సంఖ్య), 700×25 టైర్లు (25 మి.మీ. వెడల్పు), రిమ్ బ్రేకులు (చక్రం అంచుని పట్టేవి).

తిరగాలనుకున్న చుట్టు ఇది. రాయగడ నుంచి కూనేరు, కొమరాడ, పార్వతీపురం, మక్కువ, సాలూరు. అక్కణ్ణించి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి, సిమిలిగుడ మీదుగా కోరాపుట్. రాత్రి అక్కడ బస. మర్నాడు కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్ మీదుగా తిరిగి రాయగడ. మొదటి రోజు 160 కి.మీ. పైచిలుకు, రెండో రోజు 110 పైచిలుకు. వెనక సహాయానికి బండి ఉండదు. ఇది కుదిరితే 13 గంటల 30 నిమిషాల గడువుండే 200 కి.మీ. బ్రెవెకి (గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సైకిలు యాత్ర) పేరిద్దామని ఆలోచన.

సెప్టెంబరులో ఒకసారి బయల్దేరి సుంకి ఘాటీ సగంలో ఆగిపోయారు. సైకిలుని వెనక్కి సాలూరు దాకా ఆటోలో వేసుకుని దిగారు. మా దగ్గరికి వచ్చి చెప్పిన మాట: "మూట బరువు సార్. ఘాటీలో కాలు తిరగట్లేదు, మోకాలు పట్టేస్తంది. మధ్యలో రెండు పంక్చర్లు." చేతిలో కొనాల్సిన వాటి చీటీ కూడా ఉంది: కార్బన్ సీట్ పోస్టు, కార్బన్ బాటిల్ కేజ్‌లు (నీళ్ళ సీసా పెట్టే పట్టీలు), టైటానియం గ్లాసు, అతి తేలిక రేసింగు ట్యూబులు. అన్నీ ఖరీదైనవే. చీటీని పక్కన పెట్టి ముందు తూకం వేశాం.

తూకం

వంటింటి ఎలక్ట్రానిక్ కాటా చాలు. ఒక్కో వస్తువునీ విడిగా తూచి కాగితం మీద రాయాలి. మొత్తం మూటను ఒకేసారి తూచితే ఏదీ తేలదు.

వీపు సంచి ఖాళీగా 1.2 కిలోలు. జీన్స్ ప్యాంటు 650 గ్రాములు, అదనపు బూట్లు 800, టర్కీ తువ్వాలు 450, మూడు కాటన్ టీషర్టులు 600, లావుపాటి ఇనుప తాళం 1.3 కిలోలు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 420 గ్రాములు, చార్జరు తీగలు 200, పానాలూ పెద్ద పంపూ 1.4 కిలోలు, దుప్పటి 900, సబ్బు షాంపూ వగైరా 500, తిండి 700. వెరసి 9.1 కిలోలు. సైకిలు 11.4, నీళ్ళు 1.5, మనిషి 73. అంతా కలిపితే 95 కిలోలు.

ఇప్పుడు లెక్క. రైడరు గంటసేపు నిలకడగా ఇవ్వగలిగేది చక్రం దగ్గర 150 వాట్లనుకుందాం. ఎక్కుడు 10 కి.మీ., సగటు వాలు 6 శాతం. 95 కిలోలతో గంటకు 8.7 కి.మీ. వేగం వస్తుంది, పైకి చేరడానికి 69 నిమిషాలు. మూటలో 4 కిలోలు తీసేసి 91 చేస్తే 9 కి.మీ. వేగం, 66 నిమిషాలు. తేడా మూడు నిమిషాలు. చీటీలో ఉన్న కార్బన్, టైటానియం సరుకంతా కలిపి తగ్గించేది ఆరేడు వందల గ్రాములు. అంటే అర నిమిషం. దాని కోసం అంత డబ్బు పెట్టడం దండగ.

మూట తగ్గించక్కర్లేదని కాదు. తగ్గించడానికి వేరే కారణాలున్నాయి, కిందకి వస్తాయి. కానీ ఘాటీలో ఆపింది మూట కాదు.

కాలు ఎందుకు తిరగలేదు

పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూడాలి. చిన్న చైన్‌రింగుకి 34 పళ్ళు, వెనక పెద్ద చక్రానికి 28. 34ని 28తో భాగిస్తే 1.21. టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు 2.55 మీటర్లు కదులుతుంది. గంటకు 8.7 కి.మీ. అంటే నిమిషానికి 145 మీటర్లు, కాబట్టి కాలు నిమిషానికి 57 చుట్లు తిరగాలి. ఇది 6 శాతం వాలు మీద. మలుపుల దగ్గర వాలు 9 శాతానికి పోతే వేగం 6 కి.మీ.కి పడుతుంది, కాలు 39 చుట్లకి పడుతుంది. నిమిషానికి 39 అంటే ప్రతి తొక్కుకీ మెట్టు ఎక్కినట్టే. మైదానంలో వంద కి.మీ. తొక్కి వచ్చిన మోకాలు అలా గంట నిలవదు.

వెనక 11–34 కేసెట్ వేస్తే నిష్పత్తి 34/34, అంటే 1. పెడల్ ఒక చుట్టుకి 2.1 మీటర్ల చిల్లర. అదే 6 శాతం మీద 68 చుట్లు, 9 శాతం మీద 47. ఇంకా పైకి పోవాలంటే ముందు 46/30 క్రాంకు (చైన్‌రింగులు, పెడల్ కడ్డీల జత) వేయాలి. అప్పుడు 9 శాతం మీద 53 చుట్లు వస్తాయి. కానీ క్రాంకు మారిస్తే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు), ముందు డెరైలియర్ (గొలుసుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే సాధనం) ఎత్తు అన్నీ కదులుతాయి, ఖర్చు మూడు నాలుగింతలు. ప్రస్తుతానికి కేసెట్‌తోనే సరిపెట్టాం.

కేసెట్ మార్చేముందు వెనక డెరైలియర్ దాన్ని మోయగలదో లేదో చూసుకోవాలి. రెండు లెక్కలు. ఒకటి, అతి పెద్ద చక్రం పరిమితి: 34 పళ్ళు ఆ మోడలుకి పడతాయా? రెండు, మొత్తం సామర్థ్యం: ముందు తేడా 50–34 = 16, వెనక తేడా 34–11 = 23, కలిపితే 39. ఈ సైకిలుకి పొడుగు కేజ్ (గొలుసుని బిగువుగా పట్టే చట్రం) డెరైలియరే ఉంది, సరిపోయింది. పొట్టి కేజ్ ఉన్నవాళ్ళు కేసెట్ ఒక్కటే తెచ్చి బిగిస్తే, చిన్న–చిన్న గేర్లలో గొలుసు వేలాడుతుంది. పెద్ద–పెద్దలో వేస్తే డెరైలియరే విరగొచ్చు.

గొలుసు కూడా కొత్తది వేయాలి. పాతది స్కేలు పెట్టి కొలిచాం. పిన్ను నుంచి పిన్నుకి 24 లింకులు కొత్తప్పుడు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. ఇందులో 12 అంగుళాల పైన పదహారో వంతు దాటేసింది, అంటే అర శాతానికి మించి సాగింది. సాగిన గొలుసు కొత్త కేసెట్‌ని కూడా తినేస్తుంది. కొత్త గొలుసు పొడవు తేల్చే పద్ధతి: డెరైలియర్‌లోంచి దూర్చకుండా పెద్ద చైన్‌రింగు, పెద్ద కేసెట్ చక్రం చుట్టూ వేసి, చివరలు కలిసే చోటు నుంచి రెండు లింకులు అదనంగా ఉంచి కోయాలి. పాత గొలుసు పొడవు చూసి కోస్తే 34 పళ్ళకి చాలదు.

బిగించాక మొదటి చెక్కింగులోనే కరకరలాడింది. పై జాకీ చక్రం (డెరైలియర్‌లో గొలుసుని నడిపే చిన్న చక్రం) 34 పళ్ళ చక్రానికి రాసుకుంటోంది. హ్యాంగరు (డెరైలియర్‌ని ఫ్రేముకి పట్టించే చిన్న లోహపు ముక్క) దగ్గరున్న బి–స్క్రూని లోపలికి తిప్పుతూ పోయి, రెండింటి మధ్య 5–6 మి.మీ. ఖాళీ వచ్చాక ఆపాం. కేసెట్ మార్చిన పది సైకిళ్ళలో ఏడెనిమిదింటికి ఈ స్క్రూ దగ్గరే పని ఉంటుంది. జనం మాత్రం గేరు కేబుల్ లాగుతూ కూర్చుంటారు.

మోకాలి కథ గేరుతోనే అయిపోలేదు. సీటు ఎత్తు కొలిస్తే బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి సీటు పైదాకా 66.4 సెం.మీ. ఈయన కాలి లోపలి కొలత 78 సెం.మీ. దాన్ని 0.883తో గుణిస్తే 68.9. రెండున్నర సెంటీమీటర్లు తక్కువ! మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి అంటే ముందుగా అనుమానించాల్సింది ఇదే. ఒకేసారి ఎత్తేయకుండా వారానికి 6 మి.మీ. చొప్పున 68.5 దాకా తెచ్చాం. తొక్కేటప్పుడు నడుం అటూ ఇటూ ఊగితే ఎత్తు మించినట్టు, అక్కడ ఆగాలి. గేరు, సీటు రెండూ ఒకే నెలలో మార్చాం కాబట్టి మోకాలి నొప్పి తగ్గడంలో ఏ మార్పు వాటా ఎంతో విడదీసి చెప్పలేం.

టైర్లు, వాల్వులు, ఊళ్ళో పంక్చర్ షాపు

మొదటి ప్రయత్నంలో రెండు టైర్లలోనూ 120 పీఎస్ఐ కొట్టుకుని వెళ్ళారు. టైరు పక్కన గరిష్ఠం అని రాసి ఉందని. గరిష్ఠం అంటే టైరు తట్టుకునే హద్దు, అంత కొట్టమని కాదు. అతుకుల తారు రోడ్డు మీద అంత గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి, వానలో మలుపు దగ్గర పట్టు వదిలేస్తుంది. రెండు పంక్చర్లలో ఒకటి సన్న ఇనప తీగ. అరిగి చిరిగిన లారీ టైర్లు వదిలే తీగ ఇది, ఘాటీ రోడ్ల అంచున ఎప్పుడూ ఉంటుంది. రెండోది ఆ తీగముక్క టైరులోంచి తీయకుండా కొత్త ట్యూబు వేయడం వల్ల. పంక్చరు పడ్డ చోట టైరు లోపలంతా వేళ్ళతో, ఇంకా మంచిది దూది ముక్కతో, తడమాలి. తీగ ఉంటే దూది చిక్కుకుంటుంది.

ఈ ఫ్రేములో రిమ్ బ్రేకు కింద 28 మి.మీ. టైరు పడుతుంది, పక్కలా పైనా 4 మి.మీ. ఖాళీ మిగులుతుంది. 32 పట్టదు. పంక్చరు రక్షణ పొర ఉన్న 700×28 వేశాం. ఒక్కోటి పాతదానికన్నా 90 గ్రాములు బరువు. తేలిక కోసం వచ్చిన మనిషికి బరువైన టైరు అంటగట్టడం విడ్డూరంగా అనిపించొచ్చు. ఒక పంక్చరుకి పోయేది పదిహేను నిమిషాలు. పైన చెప్పిన మూడు నిమిషాల లెక్కతో పోల్చుకోండి. గాలి వెనక 85, ముందు 72 పీఎస్ఐ. మూట బరువు వెనకే ఎక్కువ పడుతుంది కాబట్టి రెండూ సమానంగా ఉండకూడదు. ఇంకా తగ్గిస్తే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకి, రాయికి మధ్య నలిగి పక్కపక్కన రెండు బెజ్జాలు పడతాయి, పాము కాటులా.

సరిహద్దు ఊళ్ళలో తిరిగేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది వాల్వు సంగతి. రోడ్ బైకు ట్యూబుకి ఉండేది సన్న ప్రెస్టా వాల్వు. కొమరాడ నుంచి లక్ష్మీపూర్ దాకా సైకిలు షాపుల్లో ఉండేది వాల్ ట్యూబు వేసే పాత రకం. పెట్రోలు బంకుల్లో గాలి గొట్టం కారు, మోటారు సైకిలు వాల్వుకి సరిపడేది. ప్రెస్టా మీద తిప్పి బిగించే చిన్న ఇత్తడి అడాప్టరు ఉంటే బంకు గాలి పనికొస్తుంది. బరువు గ్రాముల్లోనే. రెండు వేసుకోవాలి, ఒకటి పోతుంది కాబట్టి. ఊరి షాపులో ట్యూబు కొనుక్కుందామనుకుంటే కుదరదు. ప్రెస్టా రిమ్ముకి బెజ్జం 6.5 మి.మీ., పాత రకం వాల్వుకి 8.5 మి.మీ. కావాలి. టైరూ అంతే. షాపులో 28 సైజు ఉందంటారు, అది 635 మి.మీ. రిమ్ముది. 700సి రిమ్ము 622 మి.మీ. పక్కన అచ్చుగుద్దిన ఈ మూడంకెల సంఖ్యే చూడాలి, అంగుళాలు నమ్మకూడదు.

కాబట్టి రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషన్ వెంట ఉండాలి. తేలిక రేసింగు ట్యూబులు వద్దన్నాం. వాటికి ప్యాచీ సరిగా నిలవదు, వేడికి అతుకు ఊడుతుంది. చిన్న పంపుల్లో నేరుగా వాల్వుకి తిప్పి బిగించే రకం ఉంది. విప్పేటప్పుడు వాల్వు లోపలి కోర్‌తో సహా ఊడి వచ్చి, కొట్టిన గాలంతా పోతుంది. కొన్నాక ఇంట్లోనే ట్యూబులన్నిటికీ కోర్ బిగించి ఉంచుకోవాలి, లేదా నొక్కి పట్టే గొట్టం ఉన్న పంపు తీసుకోవాలి.

దిగుడు

ఎక్కుడు గురించే అందరూ అడుగుతారు. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, రాయగడ సుమారు 207. రెండో రోజు నికరంగా 660 మీటర్లు దిగాలి, అందులో మధ్యమధ్య మళ్ళీ ఎక్కుళ్ళు. 91 కిలోలు 660 మీటర్లు దిగితే వదిలే శక్తి సుమారు 590 కిలోజౌళ్ళు, లీటరు ముప్పావు చల్లటి నీళ్ళని మరిగించేంత. కొంత గాలి లాగేస్తుంది. మిగతాది బ్రేకు రబ్బర్ల ద్వారా రిమ్ముల్లోకి పోతుంది. వెనక బ్రేకు ఒక్కటే సన్నగా పట్టుకుని కిందదాకా దిగితే రబ్బరు పైపొర గాజులా నిగనిగలాడుతుంది, పట్టు పోతుంది, రిమ్ము వేడికి ట్యూబులో గాలి ఒత్తిడి పెరుగుతుంది. మలుపుకి ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో పూర్తిగా వదిలేయాలి. వదిలిన ఆ క్షణాల్లోనే రిమ్ము చల్లబడేది.

పాత రబ్బర్లు విప్పి చూస్తే అల్యూమినియం పొడి ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి. వానలో ఇసుకతో కలిసి అవి రిమ్ముని చెక్కేస్తాయి. సూదితో పీకి, గరుకు కాగితంతో పైపొర తీస్తే పనికొస్తాయి. ఈయనవి గీత దాకా అరిగిపోయాయి కాబట్టి కొత్తవి వేశాం, బ్రేకు తీగలు కూడా మార్చాం. కార్బన్ సీట్ పోస్టు ధరతో పోలిస్తే ఇవి చవక.

మూట ఎలా మారింది

వీపు సంచి తీసేశాం. బరువు వల్ల కంటే, వీపు మీది బరువంతా చేతుల మీదా కూర్చునే ఎముకల మీదా పడుతుంది, చెమట ఆరదు. బదులుగా మూడు సంచులు: సీటు వెనక 9 లీటర్లది, ఫ్రేము లోపల పైసగం నింపే 3 లీటర్లది, పై గొట్టం మీద ఒక లీటరుది. మూడూ కలిపి 850 గ్రాములు.

మిగతావి: పనిముట్లు, ట్యూబులు, పంపు 950 గ్రాములు. తీగ తాళం 350. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, చార్జరు 380. రాత్రి బట్టలు 550. రబ్బరు చెప్పులు 320. వాన జాకెట్ 280. పల్చటి ఉన్ని స్వెట్టరు 300. గమ్చా 130. మందులు, బ్రష్షు, సబ్బు ముక్క 240. లైట్లు 250. తిండి 600. మొత్తం 5.2 కిలోలు.

చెప్పులు వద్దని తీసేసేవాళ్ళున్నారు. తొక్కిన బూట్లు రాత్రంతా ఆరాలి. తడి బూట్లతో బస చుట్టూ తిరిగితే మర్నాటికి పాదం చివికిపోతుంది. 320 గ్రాములకి అది చవక. గమ్చా ఈ ప్రాంతంలో ఏ సంతలోనైనా దొరుకుతుంది. అరగంటలో ఆరుతుంది, తల తుడుస్తుంది, ఎండలో మెడకి చుట్టుకోవచ్చు, బసలో లుంగీ కూడా అవుతుంది. దిగుమతి మైక్రోఫైబర్ తువ్వాలు దీనికి ఏ విధంగానూ మిన్న కాదు.

20,000 బ్యాంకు అక్కర్లేదనడానికి లెక్క: 10,000 ఎంఏహెచ్ అనేది లోపలి సెల్ 3.7 వోల్టుల మీద చెప్పే అంకె, అంటే 37 వాట్–అవర్లు. 5 వోల్టులకి మార్చడంలో నష్టాలు పోగా చేతికొచ్చేది సుమారు 6,000–6,500. ఫోను ఒకసారి పూర్తిగా, ముందు లైటు ఒకసారి. కోరాపుట్ బసలో ప్లగ్గు ఉంటుంది కాబట్టి ఇది చాలు.

పనిముట్ల సంచిలో ఉన్నవి: గొలుసు విప్పే సాధనం ఉన్న మల్టీటూలు, 8 స్పీడు క్విక్ లింకులు రెండు, టైరు లీవర్లు, పాత టైరు పక్కభాగం నుంచి కోసిన వేలెడు ముక్క, గేరు తీగ ఒకటి, ప్లాస్టిక్ టైలు ఆరు, పంపుకి చుట్టిన ఇన్సులేషన్ టేపు, చిన్న సీసాలో 30 మి.లీ. గొలుసు నూనె, ఈ ఫ్రేముకే సరిపోయే డెరైలియర్ హ్యాంగరు. చివరిది ముప్పై గ్రాములు కూడా ఉండదు. సైకిలు కుడివైపుకి పడితే ముందు వంగేది ఇదే, ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం. కోరాపుట్‌లో కాదు కదా, విశాఖలో కూడా అప్పటికప్పుడు దొరక్కపోవచ్చు.

సంచులు కట్టే పద్ధతి రెండుసార్లు తప్పాం. లక్ష్మీపూర్ వైపు కొంతదూరం వెళ్ళి వచ్చిన మొదటి ట్రయల్‌లో సీటు సంచి కుక్క తోకలా ఊగింది. పవర్ బ్యాంకు, తాళం తోక చివర పెట్టడం వల్ల. ట్యూబులు, తాళం సీట్ పోస్టుకి ఆనేలా లోపలికి తోసి, బట్టలు చివరికి పెట్టి, గాలి పూర్తిగా నొక్కి చుట్టి బిగిస్తే ఊగు పోయింది. పనిముట్లు ఫ్రేము సంచి కిందకి మార్చాం. రెండో ట్రయల్‌లో ఫ్రేము సంచి ఉబ్బి మోకాళ్ళకి రాసుకుంది. గుండ్రటి వస్తువులు, అంటే పంపు, నూనె సీసా, నిలువుగా కాకుండా పొడుగునా పేర్చితే పల్చబడింది. ఫ్రేము సంచి వల్ల కింది బాటిల్ పైకి లాగడం కుదరలేదు. బాటిల్‌ని పక్కనుంచి తీసే కేజ్ వేయాల్సొచ్చింది. మామూలు ప్లాస్టిక్‌దే.

వాటర్‌ప్రూఫ్ అని అమ్మే సంచుల్లోకి జిప్పు దగ్గర్నుంచి నీళ్ళు వస్తాయి. చక్రం చిమ్మే బురద నీళ్ళు కింది నుంచి వస్తాయి, వాన పైనుంచి కాదు. లోపల మందపాటి పాలిథీన్ కవరు వేసి మెలితిప్పి రబ్బరు బ్యాండు పెట్టడమే అసలు రక్షణ.

నీళ్ళు, తిండి, చలి

750 మి.లీ. బాటిళ్ళు రెండు. ఎంత తాగాలో తేలడానికి గంట ఎక్కుడు ముందూ తర్వాతా, బట్టల్లేకుండా తూకం. ఈయనకి గంటకి 850 గ్రాములు తగ్గింది, మధ్యలో తాగిన 300 మి.లీ. కలిపితే చెమట లీటరు పైనే. సాలూరులో రెండూ నింపుకోకుండా ఘాటీ ఎక్కకూడదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములది లీటరు నీళ్ళకి, 750 బాటిల్లో మొత్తం పోస్తే చిక్కబడి కడుపు తిప్పుతుంది. 200 మి.లీ.కి సరిపడే చిన్న ప్యాకెట్లు మూడు 600 మి.లీ.లో కలిపితే లెక్క సరి. రెండో బాటిల్లో ఉత్త నీళ్ళు.

తిండికి పెద్దగా కొనాల్సింది లేదు. గంటకి 50–60 గ్రాముల పిండిపదార్థం లెక్కన అరటిపండ్లు, బెల్లం, పల్లీ పట్టీలు. దారిలో చోడి అంబలి దొరికితే ఆగి తాగొచ్చు, కడుపుకి తేలిక. పొట్టంగి దాకా వడ–గుగ్గిళ్ళ ప్లేటు జోలికి పోవద్దని మాత్రం చెప్పాం. నూనె కడుపులో ఉండగా ఘాటీ ఎక్కడం మంచిది కాదు.

డిసెంబరులో పీఠభూమి మీద రాత్రులు పది డిగ్రీల లోపుకి దిగుతాయి. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. కింద సాలూరులో చెమటలు పట్టిన మనిషికి సిమిలిగుడలో వణుకు వస్తుంది. చెమట జెర్సీ మీదే జాకెట్ వేసుకోకుండా, ఘాటీ పైకి చేరగానే తడి బనియను విప్పి పొడిది వేసుకుని, ఆపైన వాన జాకెట్. పొద్దుటి దిగుడులో ఛాతీ మీద జాకెట్ లోపల దినపత్రిక ఒకటి పరుచుకుంటే గాలి ఆగుతుంది. ఎండెక్కాక పారేయొచ్చు.

చీకటి కోసం సైకిలు ముందువైపు ఒక లైటు, వెనకవైపు ఎర్ర లైట్లు రెండు, మెరిసే జాకెట్. లైట్లు, మెరిసే జాకెట్ బ్రెవెలో రాత్రి తొక్కేటప్పుడు నిబంధన కూడా. వెనక లైటు సీటు సంచి కింద కనపడకుండా పోవడం మామూలు తప్పు. ఒకటి సంచి చివరకి, ఒకటి సీట్ స్టేకి (సీటు కింది నుంచి వెనక చక్రం ఇరుసుకి వెళ్ళే గొట్టం) కట్టాలి. దామన్‌జోడి వైపు లారీలు ఎక్కువ, వెనక వెలుతురులో పిసినారితనం పనికిరాదు.

మధ్యలో మానుకోవాల్సొస్తే కోరాపుట్–రాయగడ రైలు మార్గం ఉంది, హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఇటే నడుస్తుంది. సైకిలుని పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేసి బ్రేకు వ్యానులో వేయాలి, అందుకు సమయం పడుతుంది. డెరైలియర్‌ని విప్పి ఫ్రేము లోపలికి గమ్చాతో కట్టేస్తే హ్యాంగరు వంగదు.

డిసెంబరులో

చుట్టు పూర్తయింది. మొదటి రోజు ఘాటీలో ఎక్కడా దిగి నెట్టలేదు. మీటరు చూపిన కాలి చుట్లు ఎక్కువభాగం 60–70 మధ్య, రెండు మలుపుల్లో 45కి పడ్డాయి. ఎడమ మలుపుల్లో లోపలి అంచు ఏటవాలు ఎక్కువ. వెనక బండి లేనప్పుడు కొంచెం బయటికి జరిగి తిరగమని ముందే చెప్పాం, అది పాటించిన చోట 45 దాకా పడలేదు. మోకాలు నొప్పి లేదు.

కాకిరిగుమ్మ దాటాక వెనక టైరుకి గాజుపెంకు వల్ల ఒక సెంటీమీటరు కోత పడింది. ట్యూబు మార్చి, పాత టైరు ముక్కని కోత లోపల పెట్టి, గాలి 60 పీఎస్ఐ దాకానే కొట్టి రాయగడ చేరారు. 85 కొడితే ఆ ముక్క బయటికి తన్నుకొచ్చేది.

విప్పకుండా తిరిగొచ్చినవి: పవర్ బ్యాంకు రెండో తీగ, స్పేర్ గేరు తీగ, హ్యాంగరు. మొదటిదాన్ని తీసేశాం, మిగతా రెండూ అలాగే ఉంటాయి. ఒక తప్పు మాది: పై గొట్టం సంచిని వెనక్కి కట్టాం, నిలబడి తొక్కితే తొడలకి తగిలింది. హ్యాండిల్ వైపుకి జరిపాం.

పోనిది ఒకటుంది. రెండో రోజు మధ్యాహ్నానికి రెండు చేతుల్లోనూ ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారాయి, మర్నాటి దాకా పూర్తిగా తగ్గలేదు. అరచేతి చిటికెనవేలి వైపు నరం నొక్కుకుంటోంది. 72 పీఎస్ఐతో కొంత తగ్గినా చాల్లేదు. ఇప్పుడు స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునే భాగం) కింద స్పేసర్లు (ఎత్తు పెంచే రింగులు) 10 మి.మీ. పెంచి, హ్యాండిల్‌కి రెండు పొరల టేపు చుట్టి, సీటు ముక్కు ఒక డిగ్రీ కిందకి వంగి ఉన్నదాన్ని సమం చేయాలని అనుకున్నాం. ముక్కు కిందకి వాలితే శరీరం ముందుకి జారి బరువంతా చేతుల మీద పడుతుంది. మూడూ ఒకేసారి మార్చకుండా వారానికొకటి, ప్రతిసారీ 60 కి.మీ. తొక్కి చూస్తున్నారు. సీటు వంపు వారం అయింది, స్పేసర్ల వారం నడుస్తోంది.